పటములతోడి పరిహాసము

పారిస్ నగరమందలి లూవ్రు ప్రదర్శనశాలవారి సంగ్రహములో, రాజులును సేనానులును దేవతలును గంభీరముఖములతో కొలువుదీరియున్న తైలవర్ణచిత్రముల నడుమ, ఒక విచిత్రపురుషుని చిత్తరువు కలదు. తలపై నల్లని టోపి, ఒడలిపై గోధుమవన్నె కోటు, టోపి క్రిందినుండి జారిన నెరసిన జుట్టు. ఒకచేత కఱ్ఱను ఊతగా పట్టి, రెండవచేతి చూపుడువ్రేలిని తిన్నగా చూపరి మొగముమీదికే చాచి, ‘నీ సంగతి నాకు తెలియునులే’ అన్నట్లు అతడు పెదవి వంచి నవ్వుచున్నాడు. ఆతడే దానిని చిత్రించిన జోసెఫ్ డ్యూక్రో. 1793 ప్రాంతమున, అనగా ఫ్రెంచి విప్లవము రాజునే బలిగొన్న దినములలో, తన్ను తాను పరిహాసకుని రూపమున వ్రాసికొనిన ఆ పటము, రెండువందల యేండ్లకు పైగా కళాచరిత్రజ్ఞులకు మాత్రమే పరిచితమై యుండి, 2009 ప్రాంతమున హఠాత్తుగా ఇంటర్నెట్టులో లోకమంతట ప్రత్యక్షమైనది. అమెరికాదేశపు ర్యాప్ పాటలలోని పోకిరి పలుకులను ఎవరో పరమగంభీరమైన పూర్వకాలపు ఇంగ్లీషులోనికి మార్చి, వానిని తెల్లని లావుటక్షరములతో ఆ పటముమీద చేర్చి విడిచిరి. ఆస్థానచిత్రకారుడు వీథిగాయకుని ప్రగల్భములను సభామర్యాద తప్పక పలుకుచున్నట్లు తోచు ఆ వైరుధ్యమును చూచి నవ్వినవారికి లెక్కలేదు.

ఈ డ్యూక్రో సామాన్యుడు కాడు. 1735లో నాన్సీ నగరమున జన్మించి, పాస్టెలు వర్ణములతో మనుష్యుల ముఖములను ప్రాణముతో నిలుపుటలో అసమానుడని పేరొందిన లాతూర్ అను చిత్రకారునియొద్ద శిక్షణ పొంది, 1769లో వియన్నా నగరమునకు పంపబడి, ఫ్రాన్సు యువరాజునకు వధువుగా నిశ్చయింపబడిన మరీ ఆంత్వానెత్తు పటమును వ్రాసి, దాని ఫలముగా బారను బిరుదమును, రాణిగారి ప్రథమచిత్రకారుడను పదవిని సంపాదించినవాడు. పదునారవ లూయీ వధ్యశిలకు నడువకముందు ఆ రాజు ముఖమును కడపటిసారి రేఖలలో నిలిపినవాడును ఇతడే. ఇట్లు ఆస్థానమునకు కావలసిన కొలతల ప్రకారము సౌమ్యమును గంభీరమును అగు ముఖములను వ్రాసి జీవించిన ఈ మనుష్యుడు, తనకొఱకు మాత్రము వేఱొక చిత్రశాలను ఏర్పఱచుకొనెను. నోరంత తెఱచి, ఒడలు విఱుచుకొని ఆవులించుచున్న తన రూపమును 1783లో వ్రాసెను. అది నేడు లాస్ ఏంజిలిసు నగరమందలి గెట్టీ ప్రదర్శనశాలలో నున్నది. భయవిస్మయములతో అఱచుచున్న తన రూపమును, పెదవిపై వ్రేలుంచి మౌనమును ఆజ్ఞాపించుచున్న తన రూపమును వ్రాసెను. భావముచేత ముఖకండరము లెట్లు మాఱునో చిత్రకారుడు శాస్త్రముగా నేర్వవలెనని 1668లోనే షార్ల్ ల బ్రన్ ఫ్రెంచి అకాడమీలో ఉపన్యసించి యుండెను. ముఖలక్షణముల వలన మనస్సును చదువవచ్చునను వాదము డ్యూక్రో కాలమున యూరపు నంతయు ఆవరించి యుండెను. ఆ శాస్త్రమును అతడు హాస్యమునకు మళ్లించెను. చిత్రము చూచువాని వంక వ్రేలు చూపుట, ఆవులించుట, వెక్కిరించుట అను పనులు చిత్రపటమర్యాదకు విరుద్ధములని తెలిసియే చేసెను గనుక, ఇంటర్నెట్టువా రతని పటమునకు కొత్తగా కల్పించిన హాస్య మించుకయే. అచ్చట నున్న హాస్యమునకు వారొక గొంతు నిచ్చిరి.

అయినను, ప్రాతపటమును చేతబట్టి క్రొత్తపరిహాసమును పుట్టించు ఈ యాచారము కంప్యూటరుతో పుట్టినదనుకొనుట మాత్రము పొరపాటు. పటము ఏ కాలమున ఎంతమంది చేతికందినదో ఆ కాలమున అంతమంది నవ్వుటకు వీలు కలిగినది. రాజమందిరమునందో దేవాలయగర్భమునందో ఒక్కటిగా నున్నంతవఱకు పటము ఆరాధ్యము. దానికొక ప్రతి పుట్టిన మఱునాడే పరిహాసమునకు గురి. చెక్క అచ్చు, ఫోటో అచ్చు, పోస్టుకార్డు, టెలివిజను, ఇంటర్నెట్టు అను ఈ సోపానములలో ప్రతి మెట్టునను నవ్వు కొంత చవుకయైనది, నవ్వువారి సంఖ్య కొంత పెరిగినది.

అచ్చుయంత్రమునకు పూర్వము నవ్వు లేకపోలేదు. కాని అది పటముతోపాటే, పటమునకు అంచుననే నివసించినది. 1300 మొదలుకొని 1340 లోపల తయారై, నేడు లండను బ్రిటిష్ గ్రంథాలయమున నున్న స్మిత్‌ఫీల్డు డెక్రిటల్సు అను క్రైస్తవధర్మశాస్త్రగ్రంథము పుటల యంచులలో, కుందేళ్లు విల్లంబులు ధరించి వేటగాండ్రను వేటాడి, పట్టి, విచారించి శిక్షించుచుండును. ఆ కాలపు మఱి యెన్నో వ్రాతప్రతులలో, కవచధారులైన వీరభటులు ఖడ్గములు దూసి నత్తలతో పోరాడుచుందురు. కొన్నిచోట్ల నత్తయే గెలుచుచుండును. ఈ నత్తలు వడ్డీవ్యాపారమునకును పిఱికితనమునకును అపఖ్యాతి పొందిన లొంబార్డులను ఉద్దేశించిన యెగతాళి యని 1962లో లిలియన్ ర్యాండల్ అను పండితురాలు ఒక వాదమును ప్రతిపాదించినది. మఠముల స్తంభములమీద చెక్కిన వికృతరూపములను చూచి సన్న్యాసులు పఠనధ్యానములు మఱచుచున్నారని పండ్రెండవ శతాబ్దమునందే సెయింట్ బెర్నార్డు ఆక్షేపించెనన్నచో, పవిత్రవస్తువు ప్రక్కనే హాస్యమును కూర్చుండబెట్టు నలవాటు ఎంత బలమైనదో ఊహింపవచ్చును. కాని ఆ నవ్వు గ్రంథమును కొనగల ప్రభువునకును, దానిని చదువగల గురువునకును మాత్రమే దక్కినది. ఆ కుందేళ్లును ఆ నత్తలును గ్రంథాలయములవారు పుటలను ఫోటోలు తీసి లోకమున కందించిన పిమ్మటనే, ఆఫీసులో పై యధికారితో వేగలేక విసిగినవాని మనోభావమునకు ప్రతీకలై, ఫోనునుండి ఫోనునకు పరుగెత్తుచున్నవి.

ఒక విఖ్యాతశిల్పమును ఎత్తి దానినే వెక్కిరించు పద్ధతికి తొలియుదాహరణములలో నొకటి పదునారవ శతాబ్దపు ఇటలీలో దొరకును. 1506 జనవరిలో రోమునగరపు ఒక ద్రాక్షతోటలో భూమిని త్రవ్వుచుండగా, మహాసర్పములచేత చుట్టబడి కుమారద్వయముతో పెనుగులాడుచున్న లావొకూన్ అను పూజారి శిలావిగ్రహము బయల్పడినది. దానిని చూచుటకు పోపు పంపినవారి వెంట మైకెలాంజిలో కూడ వెళ్లెను. అది మొదలు కళాభ్యాసకులకు అది వేదతుల్యమైనది. శిష్యులు దానిని చూచి గీయుదురు, గురువులు దానిని చూపి కొలతలు చెప్పుదురు. ఇట్లు నలువదేండ్లు జరుగునప్పటికి, వెనిసు నగరమందలి చిత్రకారచక్రవర్తి టిషియన్ ఒక బొమ్మ గీయగా, బొల్ద్రీని అనువాడు దానిని చెక్కపై చెక్కి అచ్చువేసెను. అందులో లావొకూను స్థానమున ఒక పెద్దకోతి, కుమారుల స్థానమున రెండు పిల్లకోతులు, అవే సర్పములు, అదే పెనుగులాట! ప్రాచీనశిల్పమును కన్ను మూసికొని అనుకరించువారిని కోతులుగా చూపుటయే టిషియను ఉద్దేశమని కొందఱు, మనుష్యశరీరమునకు బదులు కోతులను కోసి చూచి శాస్త్రము వ్రాసిన ప్రాచీనవైద్యుడు గేలెనును సమర్థించువారిమీద విసరిన యెత్తిపొడుపని కొందఱు చెప్పుదురు. ఏదియైనను, ఆ నవ్వు పండుటకు రెండు వస్తువులు సిద్ధమై యుండవలసివచ్చినది: అందఱికిని తెలిసిన ఒక పూజ్యవిగ్రహము, చవుకగా అమ్ముడుపోవు ఒక కాగితము.

ఆ రెండును పంతొమ్మిదవ శతాబ్దపు పారిసులో మఱింత సమృద్ధిగా కలిసికొనినవి. లియొనార్డో వ్రాసిన మోనా లీసా, కవులు రచయితలు చేసిన స్తోత్రములచేత కేవలచిత్రపటత్వమును విడిచి దేవతాప్రతిమయగు మార్గమున నుండగా, సపెక్ అను మాఱుపేరుగల యూజెన్ బతాయ్, 1887లో వెలువడిన ఒక హాస్యగ్రంథమున, ఆమె నోట ఒక పొగగొట్టమునుంచి, వలయములు వలయములుగా పొగను విడిపించెను. 1911 ఆగస్టు 21వ తేదీని లూవ్రులో పనిచేసియుండిన పెరుజా అను ఇటలీవాడు ఆ పటమును గోడనుండి దించి తీసికొనిపోయెను. అది రెండు సంవత్సరములకు పైగా కానరాకుండుటయు, ఖాళీగోడను చూచుటకు జనులు బారులు తీరుటయు, పత్రికలన్నియు ఆమె ముఖమునే అచ్చువేయుటయు, మోనా లీసా విసుగెత్తి విహారమునకు పోయినదని పరిహసించు పోస్టుకార్డులు వెలువడుటయు, చరిత్రలో నొక విచిత్రపరిణామమునకు దారితీసినవి: పటము లేకుండుటచేతనే అది సర్వజనులకు చేరినది. ఎన్నడును లూవ్రు గడప త్రొక్కని కార్మికునకు గూడ ఆ ముఖము తెలిసిపోయినది. ఆ తెలిసినతనమును ఆధారముగా గొని 1919లో మార్సెల్ డ్యూషాంప్ ఒక చవుకబారు పోస్టుకార్డును తీసికొని, ఆమె ముఖమున పెన్సిలుతో మీసమును పిల్లిగడ్డమును గీసి, క్రింద కొన్ని అక్షరములు వ్రాసెను. నేటి బాలుడు ఫోనుతెరపై వ్రేలితో చేయు పని ఇంతకంటె భిన్నము కాదు. డ్యూషాంపు చేయుటచేత అది కళాచరిత్రమున కెక్కినది.

నిశ్చలపటమును కదలించి నవ్వించుట టెలివిజను తెచ్చిన సౌలభ్యము. 1969 అక్టోబరులో బి.బి.సి. ప్రసారము మొదలుపెట్టిన మాంటీ పైథాన్ హాస్యకార్యక్రమమునకు బొమ్మలు సమకూర్చిన టెరీ గిల్లియమ్, ప్రాతచిత్రములను, విక్టోరియాకాలపు ఎన్‌గ్రేవింగులను, ఫోటోలను కత్తిరించి, కాళ్లుచేతులు కదల్చి, ఒకదాని మెడపై మఱొకదాని తలనుంచి, బొమ్మలకు అల్లరి నేర్పెను. ఆ కార్యక్రమారంభమున ఆకాశమునుండి దిగివచ్చి సర్వమును చప్పున త్రొక్కివేయు పెద్దపాదము, లండను నేషనల్ గ్యాలరీలో నున్న బ్రోంజీనో చిత్రములోని మన్మథునిది. పదునారవ శతాబ్దపు ఆస్థానమున ప్రభువుల శృంగారవినోదమునకై వ్రాయబడిన పాదము ఇంటింట టెలివిజను ముందర కూర్చున్న కుటుంబములను నవ్వించుటకు దిగివచ్చినది. కత్తెర, జిగురు, కెమెరా ఇవియే అతని సామగ్రి. ఇంటర్నెట్టు హాస్యమునకు కావలసిన వ్యాకరణమంతయు అందులోనే కలదు.

ఆ వ్యాకరణమునకు మిక్కిలి అనుకూలముగా నమరిన ప్రాచీనవస్తువు బాయూ వస్త్రము. నార్మండీ ప్రభువైన విలియము 1066లో ఇంగ్లండును జయించిన కథను, సుమారు డెబ్బది మీటర్ల పొడవును అరమీటరు వెడల్పును గల నారవస్త్రముపై ఉన్నిదారములతో కుట్టి చూపిన ఆ పనితనము పదునొకండవ శతాబ్దపుది. 1476నాటి బాయూ కెథీడ్రలు ఆస్తిపట్టికలో దాని ప్రస్తావన కనబడును. విప్లవకాలమున 1792లో బండ్లపై కప్పుటకు గుడ్డగా పోవలసిన దానిని ఆ యూరివా డొక న్యాయవాది రక్షించెను. 1803లో నెపోలియను, తానును ఇంగ్లండుపై దండెత్తనున్నవాడు గనుక, దానిని పారిసునకు తెప్పించి ప్రదర్శించెను. 1885-86లలో ఇంగ్లండులోని లీక్ పట్టణపు స్త్రీలు దానికి పూర్తి ప్రతిని కుట్టినప్పుడు, అంచునందలి దిగంబరపురుషునకు చిన్నలాగు తొడిగిరి. ప్రతికాలమును ఆ వస్త్రమునకు తనకు కావలసిన దానిని ఇట్లు తొడిగించుచునే వచ్చినది. ఈ శతాబ్దారంభమున ఇద్దఱు జర్మను విద్యార్థులు ఆ వస్త్రములోని మనుష్యులను గుఱ్ఱములను ఓడలను కోటలను విడదీసి, ఎవరికి కావలసిన కథను వారు కూర్చుకొనునట్లు ఇంటర్నెట్టులో ఒక పేటికను అమర్చిరి. బొమ్మలు ప్రక్కచూపుగా నిలిచి, చేతులతో అతిగా అభినయించుచు, తలలపైన లాటినులో చిన్నచిన్న వాక్యములు కలిగియుండుట ఆ వస్త్రపు సహజలక్షణము. తోకచుక్కను చూచి నివ్వెఱపోవు జనులు, వారిపై ఆ సంగతిని చెప్పు మూడు మాటలు: బొమ్మయును పలుకును కలిసి ఒక్కచూపునకు అర్థమగునట్టి యా కూర్పు తొమ్మిదివందల యేండ్లకు పూర్వమే సిద్ధమై యుండెను గనుక, క్రొత్తవారు మాటలను మాత్రము మార్చిరి.

ఈ హాస్యమంతటి వెనుక ధర్మశాస్త్రమును, ధనవ్యయమును కలవు. చిత్రకారుడు గతించి శతాబ్దములైనను, ఆ చిత్రమునకు తీసిన ఫోటోపై హక్కు తమదేయని ప్రదర్శనశాలలును ఫోటోవ్యాపారులును చిరకాలము వాదించుచుండిరి. హక్కు తీఱిన చిత్రమునకు యథాతథముగా తీసిన ఫోటోలో స్వతంత్రసృష్టి లేదు గనుక దానిపై కాపీరైటు లేదని 1999లో న్యూయార్కునందలి ఒక ఫెడరలు న్యాయస్థానము బ్రిడ్జ్‌మన్ అను సంస్థ తెచ్చిన వ్యాజ్యమున తీర్పుచెప్పెను. కాలక్రమమున ప్రదర్శనశాలలే తమ తలుపులు తెఱచినవి. ఆమ్‌స్టర్‌డామునందలి రైక్స్ మ్యూజియము 2012లో లక్షయిరువదియైదువేల చిత్రములను స్వేచ్ఛగా తీసికొనుడని ప్రజల కిచ్చినది. మఱుసటియేట గెట్టీవారును ఆ మార్గమును పట్టిరి. 2017 ఫిబ్రవరిలో న్యూయార్కు మెట్రోపాలిటను మ్యూజియము మూడులక్షల డెబ్బదియైదువేల ఫోటోలపై ఏ షరతును లేదని ప్రకటించెను. పటములు ప్రజలవని చెప్పుట పూర్వము ఒక యలంకారముగా నుండెను. ఇప్పుడది ఆచరణలోనికి వచ్చినది. ఇచ్చినవస్తువుతో ప్రజలేమి చేయుదురో ఇచ్చువాడు శాసింపజాలడు. 2020లో మహమ్మారివలన లోకము ఇండ్లలో బంధింపబడినప్పుడు, ఇంటనున్న వస్తువులతో ఒక ప్రసిద్ధచిత్రమును అభినయించి ఫోటో తీయుడని హాలండునందలి ఒక ఇన్‌స్టాగ్రామ్ ఖాతావారును, పిదప గెట్టీవారును పిలుపునీయగా, తువాళ్లను తలపాగలుగా చుట్టినవారు, కుక్కలను రాకుమార్తెలుగా కూర్చుండబెట్టినవారు వేలకొలదిగా బయలుదేరిరి. పరిహాసమునకు ప్రదర్శనశాలయే ఆహ్వానపత్రిక నంపుట చరిత్రలో క్రొత్త.

పరిహాసము పటమునకు హానియా, ఆయుర్వృద్ధియా అను ప్రశ్నకు స్పెయిను దేశపు బోర్హా పట్టణము ఒక సమాధానమిచ్చును. అచ్చటి దేవాలయకుడ్యముపై ఎలీయాస్ గార్సీయా మార్తీనెస్ అను చిత్రకారుడు 1930 ప్రాంతమున వ్రాసిన ముండ్లకిరీటపు క్రీస్తు ముఖము, తేమకు పెచ్చులూడి చెడిపోవుచుండగా, ఎనుబదియేండ్లు దాటిన స్థానికభక్తురా లొకతె సద్భావముతో దానిని బాగుచేయబూనెను. 2012 ఆగస్టున ఆ సగముపని లోకమునకు తెలిసినప్పుడు, ఆ ముఖము కోతివలె నున్నదని భూమండలమంతయు నవ్వినది. ఆ ముఖమును మోనా లీసాకును, ఇతరచిత్రములకును తగిలించి వేడుకచేసినది. ఆ నవ్వు ఆ వృద్ధురాలిని మొదట మిక్కిలి బాధించినది. కాని అంతకుముందు ఆ యూరివారు తప్ప ఎవరును ఎఱుగని ఆ గోడను చూచుటకు వేలకొలది యాత్రికులు రాసాగిరి, ప్రవేశరుసుము వసూలైనది, 2016లో ఆ వృత్తాంతమును వివరించు కేంద్రమొకటి అచ్చట వెలసినది. మూలచిత్రము శిల్పదృష్టిచే అసాధారణమైనది కాదు. పెచ్చులూడి రాలిపోయినచో అడుగువారు లేకుందురు. నవ్వు దానిని నిలిపినది, నొప్పించియే నిలిపినది.

నష్టమును గూర్చి కూడ చెప్పక తప్పదు. పటము పరిహాసమై పరుగెత్తునప్పుడు దానితోపాటు పేరు పరుగెత్తదు. డ్యూక్రో వ్రేలిని చూచి నవ్విన లక్షలమందిలో అత్యధికులకు అతని పేరు తెలియదు. అతడొక రాణికి ప్రథమచిత్రకారుడనియు, ఆ రాణి తల తెగినయేడే ఆ నవ్వు వ్రాయబడెనేమోయనియు తెలిసినచో ఆ నవ్వు మఱొకవిధముగా నుండును. స్త్రీ ముఖమందలి విసుగు అని మనము నవ్వుకొను మధ్యయుగచిత్రములలో, వాస్తవముగా ఒక సాధ్వి ప్రాణత్యాగదృశ్యము చిత్రింపబడియుండుట కలదు. చూపు మిగిలి సందర్భము రాలిపోవుట ఈ చవుకతనమునకు మనము చెల్లించు మూల్యము.

మన దేశమున ఈ చరిత్రకు సరితూగు ఉదాహరణము రవివర్మది. 1848 మొదలు 1906 వఱకు జీవించిన ఆ తిరువాన్కూరు చిత్రకారుని తైలవర్ణములు సంస్థానాధీశుల మందిరములలోనే నిలిచియుండెడివి. 1894లో బొంబాయిలో నెలకొల్పి, పిదప లోనావ్లా సమీపమునకు తరలించిన ముద్రణాలయమునుండి ఓలియోగ్రాపులను రంగుటచ్చు ప్రతులు వెలువడిన పిమ్మట, లక్ష్మియు సరస్వతియు శకుంతలయు దమయంతియు సామాన్యగృహముల గోడల కెక్కిరి. తెనుగునాట పూజామందిరములలో రవివర్మ పటమని పిలువబడని రవివర్మ పటము లెన్నియో! అవియే సబ్బులవారి, మందులవారి క్యాలెండర్లలో చేరినవి. నేడు అవే ఉత్తరము చదువు నాయికలు, వీణ మీటు కన్యలు, పెండ్లిచూపులను గూర్చియు, ఇంటిపని వాటాలను గూర్చియు చురుకైన మాటలు పలుకుచు ఫోనులలో దర్శనమిచ్చుచున్నారు. హంసతో మాటలాడు దమయంతి, ముల్లు తీయునెపమున వెనుదిరిగి చూచు శకుంతల, ఎవరో ఒకరితో ఏదో ఒకటి చెప్పబోవుచున్న భంగిమలోనే యుండుటచేత, మాట చేర్చువానికి శ్రమ తక్కువ.

అయినను తెలుగువారి నిత్యపరిహాసమున చిత్రకళ పాలు స్వల్పము. ఆ స్థానము చలనచిత్రమునది. బ్రహ్మానందముగారి ముఖమున ఒక క్షణము మెఱసిన వెఱపు, వెటకారము, జాలి, తృప్తి ఒక్కొక్కటియు ఒక్కొక్క నిశ్చలపటమై, వందలకొలది సందర్భములకు అన్వయింపబడి, రాష్ట్రములు దాటి తెలుగు రానివారి ఫోనులకు గూడ చేరినవి. డ్యూక్రో అద్దము ముందర నిలిచి చేసిన ముఖవికారాభ్యాసమును ఈ నటుడు కెమెరా ముందర చేసెనని చెప్పినచో అతిశయోక్తి కాదు. పారిసువాసికి మోనా లీసా ఎట్టిదో మనకు సినిమా అట్టిది: అందఱును చూచినది, అందఱికిని స్వంతమైనది. మన అజంతా కుడ్యచిత్రములు, లేపాక్షి పైకప్పు వర్ణచిత్రములు ఇట్టి వాడుకలోనికి అంతగా రాకుండుటకు వానిపట్ల మనకు గల భక్తి ఒక కారణమైన గావచ్చును. అవి స్పష్టమైన ప్రతులుగా ఇంటింటికిని చేరకుండుట అంతకంటె బలమైన కారణము. లేపాక్షిలోని పార్వతీపరిణయపు వరుసలలో, చీరల యంచులు సవరించుకొనుచు ప్రక్కచూపులు చూచు చెలికత్తెలను మన పిల్లలు ఎఱిగియుండినచో, ఏ పెండ్లింటి ముచ్చటకో వారిచేత ఎన్ని మాటలు పలికించెడివారో! పటమును గౌరవింపుడని పిల్లలకు బోధించుటకు పూర్వము దానిని వారి చేతికిచ్చుట మేలు. చేతికిచ్చినచో కొందఱు మీసములు గీయుదురు. ఆ గీయువారిలో ఒకడైనను, ఈ బొమ్మ నెవరు వ్రాసిరని అడుగకపోడు.